జలపతి ఇంటికి ముప్పై నాలుగు అభ్యంతరాలు

ఆ గురువారం పొద్దున జలపతి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగి వకీలు దగ్గరికి వెళ్ళాలి. ఆమె రాసిచ్చిన నోటీసును జగిత్యాల పోయి పేపరాఫీసులో ఇవ్వాలి. ఒంటిగంటకల్లా కోరుట్లకు తిరిగొచ్చి, పచ్చిపులుసు పోసుకుని అన్నం తిని, ఫ్యాను కింద ఒక కునుకు తీయాలి. నలభై రోజుల సెలవు మీద మస్కట్ నుంచి వచ్చిన మనిషి ఇంతకంటే ఏం కోరుకుంటాడు? అయితే పక్కన బామ్మర్ది ఉన్నప్పుడు ప్లాన్లు వేసుకోకూడదన్న సంగతి, పాపం, పద్దెనిమిదేళ్ళు దేశం బయట ఉండడంతో మర్చిపోయాడు.

సెలవులో ఇక పన్నెండు రోజులే మిగిలాయి. ఆలోగా అతను ఒక ఇల్లు కొనాలి. బస్టాండు వెనక గల్లీలో రాజేశం ఇల్లు: మూడు గదులు, ముందొక అరుగు, వెనక బోరింగు. రాజేశం సిరిసిల్లలో బట్టల దుకాణం పెట్టుకుని అక్కడికే మారిపోతున్నాడు. బేరం కుదిరింది, అడ్వాన్సు ఇచ్చారు, వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం రిజిస్ట్రేషనుకు స్లాటు కూడా తీసుకున్నారు. ఆ మర్నాడే జలపతి విమానం.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అతని భార్య రాధ ఏడు కిరాయి ఇళ్ళు మారింది. ప్రతి ఇంట్లోనూ ఓనరమ్మ మొట్టమొదట చెప్పే మాట ఒక్కటే, గోడకు మొల కొట్టొద్దని. అక్కడ మస్కట్ క్యాంపులో జలపతిది పై మంచం, లేచి కూర్చుంటే తల స్లాబుకు తగులుతుంది. అందుకని, "ఒక్క రాత్రన్న నా ఇంట్ల పండి పోతనే" అని రాధతో రోజుకు రెండుసార్లు అంటున్నాడు. అతనా మాట అన్నప్పుడల్లా రాధ ఏదో పనున్నట్టు వంటింట్లోకి పోయేది. ఏడుపు మొగుడికి కనబడకూడదని.

వకీలు హేమలత ఫీజు తక్కువ తీసుకుంటుంది, ఆ లోటును తిట్లతో పూడుస్తుంది. జలపతి ముందు కాగితాల కట్ట పరిచి మొదలుపెట్టింది.

"అన్నా, మనోళ్లు ఇల్లు కొనేటప్పుడు దర్వాజ ఎటున్నదో చూస్తరు, బోర్ల నీళ్లెన్నున్నయో చూస్తరు, స్లాబ్ మీదికెక్కి ఎగిరి చూస్తరు. కాగితం మాత్రం కొన్నంక చూస్తరు. నువ్వు ముందే అచ్చినవ్, బతికినవ్. ముప్పై ఏండ్ల ఈసీ తీసిన. ఇంటి మీద అప్పు లేదు, తాకట్టు లేదు. హద్దులు నేను టేపు పెట్టి కొలిపిచ్చిన, కాగితంల ఎట్లున్నయో గట్లనే ఉన్నయ్. ఇంటి పన్ను బాకీ లేదు."

"అయితే అంతా మంచిగనే ఉన్నదా మేడం?"

"ఒక్కటి మంచిగ లేదు. ఇల్లు ఇప్పటికీ రాజేశం వాళ్ల నాయిన పేరు మీదనే ఉన్నది. ముసలాయన వీలునామా రాయకుంట పోయిండు. వారసులు ఎంతమంది?"

"నేనొక్కన్నే అంటుండు మేడం."

"ఆయన అంటె అయిపాయెనా? వారసుల సర్టిఫికెట్ తెమ్మంటె రెండు వారాల నుంచి రేపు, ఎల్లుండి అంటుండు. నాకు మనసున పడతలేదు. పేపర్ల నోటీసు ఇద్దాం. ఫలానా ఇల్లు కొంటున్నం, అభ్యంతరం ఉన్నోళ్లు ఏడు రోజులల్ల చెప్పుండ్రి అని. ఎవరన్న ఉంటె బయట పడ్తరు, లేకుంటె నీ అదృష్టం."

జలపతి నోటీసు కాగితం జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. మోటర్ సైకిలు మీద కూర్చుని బామ్మర్ది నరేందర్ ఎదురుచూస్తున్నాడు. నరేందర్‌కు టెంట్ హౌస్ ఉంది. ఊళ్ళో పెళ్ళికైనా, పదకొండో దినానికైనా కుర్చీలు అతనివే. కాబట్టి ఊరందరి మంచిచెడ్డల మీద తనకో హక్కు ఉందని అనుకుంటాడు.

"పేపర్లనా? బావా, పేపర్ల గీ లోపలి పేజీల అగ్గిపెట్టంత డబ్బా వేస్తరు. గది ఎవడు చదువుతడు? రేపు దాంట్ల మిర్చీలు కట్టిస్తరు. కోరుట్లల ముచ్చట తెల్వాలంటె ఫ్లెక్సీ ఉండాలె. ఫ్లెక్సీ లేంది ఇక్కడ పుట్టిన రోజు కూడ పుట్టినట్టు కాదు."

"మేడం పేపర్లనే అన్నది రా."

"మేడం చెప్పింది నలుగురికి తెల్వాలనే గద? నలుగురికేంది, నలభై వేల మందికి తెలుపుదాం. నువ్వు ఊకో."

ఊకోవడం జలపతి చేసిన మొదటి తప్పు. రెండోది, ఫోనులో ఉన్న ఫొటో చూపించడం.

ఫ్లెక్సీ దుకాణం ప్రకాశ్ చెయ్యి తిరిగిన కళాకారుడు. ఫొటో లేకుండా ఫ్లెక్సీ కొడితే తన చెయ్యికే అవమానమన్నాడు. జలపతి తలకాయను పాస్‌పోర్టు ఫొటోలోంచి తీసి, కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న ఒక సూటు మీద పెట్టాడు. ఆ సూటుకు రెండు చేతులూ జోడించి ఉన్నాయి. పైన ఎర్ర అక్షరాలతో "కోరుట్ల పట్టణ ప్రజలకు విజ్ఞప్తి!" అని, కింద అంతకంటే పెద్దగా "ఇట్లు మీ జలపతి" అని కొట్టాడు. ఇల్లు, అభ్యంతరం, ఏడు రోజులు, రాధ ఫోను నంబరు అన్నీ మధ్యలో చీమలబారులా పట్టాయి. మున్సిపల్ ఎన్నికలు రేపో మాపో అని ఊరంతా చెవులు నిక్కబొడుచుకుని ఉన్న కాలమది. అది ప్రకాశ్‌కు గుర్తు రాలేదు, నరేందర్‌కు అసలే గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దున్నే బస్టాండు దగ్గరొకటి, రాజేశం ఇంటి ముందొకటి కట్టారు. నరేందర్ దాన్ని ఫొటో తీసి తానున్న గ్రూపులన్నిటిలో పెట్టాడు. టెంట్ హౌస్ వాళ్ళ గ్రూపు, పదో తరగతి దోస్తుల గ్రూపు, కులసంఘం గ్రూపు, చివరికి ఎల్లారెడ్డిపేట డీజేల గ్రూపు కూడా.

రాధ ఇంకా దోసె పెనం మీద పోయనే లేదు, తలుపు చప్పుడైంది. మొగిలవ్వ. రాజేశం పక్కింటి ముసలామె.

"అభ్యంతరం ఉంటె చెప్పుమన్నరట గద? నాకున్నది" అంటూ వచ్చి పీట మీద కూర్చుంది. "ముప్పై ఏండ్ల నుంచి పొద్దుగాల రాజేశం అరుగు మీదనే కూసుండి బీడీలు చేస్తున్న. గాడ నీడ ఉంటది. నువ్వు కొన్నంక గేటు పెడతవంట. పెడితె నేనేడ కూసోవాలె?"

"గేటు పెట్టం అవ్వా. నువ్వు గక్కడనే కూసో" అంది రాధ.

"అయితె రాసుకో. నోటి మాట ఎవడు నమ్ముతడు?"

రాధ కూతురి పాత నోటుబుక్కు తెచ్చి ఒకటో నంబరు వేసి రాసింది. మొగిలవ్వ చాయ్ తాగి, రాసింది చదివించుకుని మరీ వెళ్ళింది. గల్లీ మొదట్లో ఆమె ఎవరికేం చెప్పిందో గానీ పది గంటలకల్లా గుమ్మంలో చెప్పులు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

మల్లేశం వచ్చాడు. రాజేశం వెనకింటాయన. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా తన దండెం మీది బట్టలు తడుస్తున్నాయని, పాత ఓనరు పన్నెండేళ్ళుగా వినలేదని, కొత్త ఓనరైనా వినాలని చెప్పాడు. చాయ్ బండి అతను వచ్చి, ఫ్లెక్సీ తన బోర్డుకు అడ్డమైందన్నాడు. మేడిపల్లి నుంచి ఒకాయన బస్సు దిగి నేరుగా వచ్చి, కోరుట్లలో ఇల్లు కొనడమే తనకు అభ్యంతరమనీ, మేడిపల్లిలో తన జాగా ఉండగా డబ్బులు ఇక్కడెందుకు పోయాలనీ నిలదీశాడు. ముక్కూ మొహం తెలియని ఇంకొకతను ఇంటి విషయంలో తనకేమీ లేదని, సూటు మీదనే అభ్యంతరమని చెప్పాడు.

"గీ ఎండల సూటేందన్నా? చూస్తెనే చెమటలు వడుతున్నయ్."

రాధ అది కూడా రాసుకుంది. పదకొండో నంబరు.

అయిదు రోజులు ఇదే వరస. రాధ చాయ్ పెట్టడం, అభ్యంతరం రాయడం, సంతకం పెట్టించడం. కొందరు డ్రైనేజీ గురించి చెప్పారు, కొందరు కుక్కల గురించి చెప్పారు, ఒకావిడ పింఛను రావట్లేదని ఏడ్చింది. తనకు ఇదంతా ఎందుకు చెబుతున్నారో జలపతికి అర్థం కాలేదు. సోమవారం మధ్యాహ్నం మస్కట్ నుంచి అతని రూంమేటు జితేందర్ ఫోన్ చేశాడు.

"అన్నా, కంగ్రాట్స్! ఫొటో చూసినం. రాజకీయాల్లకు పోయినవంట గద. మంచి పని చేసినవ్. నీ మంచం గంభీరావుపేట పోరనికి ఇచ్చినం."

"ఒరేయ్, రాజకీయం లేదు గీజకీయం లేదు! నేను పై మంగళవారం వస్తున్న!"

"గెలిచినంక కూడ వస్తవా అన్నా?"

అప్పుడుగానీ జలపతి బస్టాండుకు వెళ్ళి, రోడ్డుకు అవతలివైపు నిలబడి, తన ఫ్లెక్సీని జనం కళ్ళతో చూడలేదు. చూశాక అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

అతను ఇల్లు చేరేసరికి తెల్లబట్టలు వేసుకున్న ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పేరు దివాకర్. వార్డు నుంచి పోటీ చేయాలని రెండేళ్ళుగా అందరి పెళ్ళిళ్ళకూ తప్పకుండా వస్తున్నాడు. చుట్టూ నలుగురు మనుషులు, చేతిలో శాలువా.

"జలపతన్నా, నువ్వు పెద్దోనివి. నేను మొత్తుకొని చెప్తున్న, వెనక్కి తగ్గు" అన్నాడు దివాకర్.

"నేనెందుకు తగ్గుతనే? అడ్వాన్స్ కూడ ఇచ్చిన."

దివాకర్ మొహంలో రంగు మారింది. "అప్పుడే ఇచ్చినవా? ఎవలికి?"

"రాజేశానికి."

"రాజేశం దగ్గర ఎన్ని ఓట్లున్నయే?"

"ఓట్లేంది? మూడు రూములున్నయ్."

దివాకర్ తన మనుషుల వైపు చూశాడు. వాళ్ళు పైకప్పు వైపు చూశారు. చివరికి రాధే కలగజేసుకుని, నోటుబుక్కు చూపించి, తాము ఇల్లు కొంటున్నామే తప్ప వార్డు కొనడం లేదని పావుగంటసేపు వివరించింది. దివాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. శాలువా జలపతికి కప్పి, చాయ్ తాగి, వెళుతూ వెళుతూ ఆ నోటుబుక్కును పేజీ పేజీ ఫొటో తీసుకున్నాడు. వార్డు సమస్యలన్నీ అంత వివరంగా తన దగ్గర కూడా లేవన్నాడు.

నవ్వుకోవడానికి ఇక్కడిదాకా బాగానే ఉంది. బుధవారం రాజేశం వచ్చాడు.

చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఏమయ్యా జలపతీ, నా ఇంటి ముంగట నీ ఫొటో పెట్టుకుంటవా? పొద్దుగాల లేస్తె దండం పెట్టుకుంట నువ్వే కనవడుతున్నవ్. గల్లీలోళ్లంత నన్ను దొంగను చూసినట్టు చూస్తుండ్రు. మల్లేశం పన్నెండేండ్ల తడిసిన బట్టల ముచ్చట మళ్ల తీసిండు. నా ఇజ్జత్ మొత్తం పోయింది. ఇల్లు అమ్మ. నీ అడ్వాన్స్ నువ్వు తీస్కపో."

"అన్నా, గట్లనకు. తప్పయింది, ఫ్లెక్సీ ఇప్పుడే తీపిస్త..."

"తీస్తె పోయిన ఇజ్జత్ వస్తదా? అమ్మ అంటె అమ్మ."

రాజేశం వెళ్ళిపోయాడు. జలపతి గోడకానుకుని కూర్చున్నాడు. అతని కళ్ళ ముందు పద్దెనిమిదేళ్ళ పై మంచం కనబడింది. పోతే మళ్ళీ రెండేళ్ళకు గానీ సెలవు దొరకదు. అప్పటికి ధరలెక్కడుంటాయో, ఒంట్లో సత్తువ ఎంతుంటుందో. రాధ పక్కన కూర్చుంది. నరేందర్ మాత్రం గుమ్మంలో నిలబడి, "బావా, క్షమాపణ ఫ్లెక్సీ ఒకటి కొట్టిద్దామా?" అన్నాడు. రాధ తమ్ముడి మీదికి చీపురెత్తడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

గురువారం సాయంత్రం రాధ ఫోను మోగింది. అవతల ముసలి గొంతు.

"అభ్యంతరాలు రాసుకునేది నువ్వేనా బిడ్డ? ఎన్నో నంబరు నడుస్తున్నది?"

"ముప్పై నాలుగు అవ్వా. మీరెవరు?"

"నేను గంభీరావుపేట నుంచి సత్తవ్వను. రాజేశం అక్కను. నాకు అభ్యంతరం ఉన్నది. రేపు అస్తున్న, ఫోన్ల చెప్పేది కాదు."

ఫోను పెట్టేసింది. రాధ చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. నేనొక్కన్నే అన్న రాజేశానికి అక్క!

శుక్రవారం పొద్దున హేమలత రాజేశాన్ని అతని ఇంట్లోనే పట్టుకుంది. జలపతి, రాధ, నరేందర్ వెంట ఉన్నారు. మొదట రాజేశం అక్కా లేదు గిక్కా లేదన్నాడు. తర్వాత ఉందన్నాడు. తర్వాత తల వంచుకున్నాడు.

"పదకొండేండ్లాయె మేడం, మాటల్లేవు. మా బిడ్డ సృజన లగ్గంల మేనత్తకు పెట్టె చీర మా ఆడోళ్లు వేరేటోళ్లకు పెట్టిండ్రు. గప్పుడు లేచి పోయింది, మళ్ల రాలే."

"మాటల్లేకుంటె అక్క కాకుంట పోతదా?"

"ఆమె లగ్గానికి మా నాయిన ఎకురం భూమి ఇచ్చిండు మేడం. ఇంక ఇంట్ల పాలేంది?"

"చట్టం లగ్గం ముచ్చట అడగదు రాజేశం బాపూ" అంది హేమలత. తర్వాత జలపతి వైపు తిరిగింది. "విన్నవా అన్నా? తండ్రి వీలునామా రాయకుంట పోతె కొడుకెంతనో బిడ్డ గంతనే. ఆమె సంతకం లేకుంట నువ్వు కొంటె, రేపు ఆమెనో ఆమె పిల్లలో కోర్టుకు పోతరు. నీ ఇంట్ల సగం నీది కాదు."

అడ్వాన్సుతో పోయేది కాదు, పద్దెనిమిదేళ్ళూ పోయేవి. ఆ వెధవ ఫ్లెక్సీయే లేకపోతే సంతోషంగా సంతకం పెట్టి విమానం ఎక్కేవాడు. అయితే ఇప్పుడు బతికాడా అంటే అదీ లేదు. పదకొండేళ్ళ కోపం పెట్టుకున్న మనిషి సగం ఇల్లు అడగడానికి బస్సెక్కి వస్తోంది.

నరేందర్‌కు అనుమానం వచ్చి అరుగు మీది మొగిలవ్వను అడిగాడు. "అవ్వా, రాజేశం బాపుకు అక్కున్నదని నీకు తెలుసా?"

"తెల్వకేంది? ఇద్దరం కల్సి బీడీలు నేర్చుకున్నం."

"మరి గిన్ని రోజులు చెప్పకపోతివి!"

"అభ్యంతరాలు అడిగిండ్రు, చెప్పిన. అక్కున్నదా అని ఎవలడిగిండ్రు?"

సరిగ్గా అప్పుడే గల్లీ మొగలో ఆటో ఆగింది. కిటికీలోంచి చూసిన రాజేశం, అరవై రెండేళ్ళ మనిషి, ఒక్క అంగలో బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. లోపల మనిషి స్నానం చేస్తున్నట్టు వినబడాలని నల్లా తిప్పాడు.

సత్తవ్వ బక్కపలచని మనిషి. చేతిలో ఒక సంచి. అరుగు దగ్గర మొగిలవ్వను చూసి ఆగింది. ఇద్దరూ ఒకరి గడ్డం ఒకరు పట్టుకుని కాసేపు ఏడ్చారు, తర్వాత ఎవరి పళ్ళు ఎన్ని ఊడాయో లెక్క చూసుకున్నారు. అప్పుడు లోపలికి వచ్చి గోడలన్నీ ఒకసారి తడిమి చూసి, చాప మీద కూర్చుని జలపతిని పేరుతో పిలిచింది.

"ఫొటోల ఉన్నది నువ్వేనా? సూటు లేకుంటెనే మంచిగున్నవ్. రా కొడుకా, కూసో."

జలపతి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నా మనుమడు ఫోన్ల చూపిచ్చిండు. 'ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో తెలుపగలరు' అని రాసి ఉన్నదన్నడు. నేను మళ్ల మళ్ల చదివిచ్చుకున్న. నా లగ్గానికి నన్నడగలే. మా నాయిన పోతె దినాలు ఎప్పుడు చెయ్యాలె అని నన్నడగలే. గీ ఇల్లు కట్టినప్పుడు ఇటుకలు మోసిన, అమ్ముకునేటప్పుడు అడగలే. అరవై ఎనిమిదేండ్లకు, ముక్కు మొహం తెల్వని నువ్వు అడిగినవ్. సత్తవ్వా, నీకు అభ్యంతరం ఉన్నదా అని. నీ కడుపు సల్లగుండ." చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గందుకే అచ్చిన. నీ కాగితం ఆపుదామని కాదు. సంతకం పెడదామని అచ్చిన."

జలపతి లేచి ఆమె కాళ్ళకు మొక్కాడు. రాధ అప్పటికే మొక్కింది. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఓనరమ్మలకు భయపడి బతికిందో, ఆమెకు ఆ ముసలామె మాట గుండెలో చన్నీళ్ళు పోసినట్టయింది.

హేమలత మాత్రం వకీలు కదా, గొంతు సవరించుకుంది. "అవ్వా, తెలుసుకుని పెట్టు. ఇంట్ల సగం పాలు నీది. నువ్వు సంతకం పెడితె ఆ హక్కు పోతది. వట్టిగ పెట్టకు."

"నాకు తెలుసు బిడ్డ. నా పాలు నేను వానితోని తేల్చుకుంట. గది మా అక్క తమ్ముండ్ల ముచ్చట. వాడేడి?"

బాత్రూంలోంచి నల్లా చప్పుడు మాత్రం వినబడుతోంది.

"ఓ రాజేశం! బయటికి రా, నీళ్లు ఊకెనె పోతున్నయ్. చిన్నప్పుడు కూడ తప్పు చేస్తె గక్కడనే దాసుకుంటుండె."

గడియ తీసిన చప్పుడైంది. రాజేశం ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. అక్కను చూశాడు, చూడలేకపోయాడు, మళ్ళీ చూశాడు.

"అక్కా, చీర... నువ్వు పోయినంక మర్నాడే కొన్న. పదకొండేండ్ల నుంచి బీరువల ఉన్నది. ఏం మొహం పెట్టుకొని తేవాలె?" అన్నాడు. పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇల్లు జలపతికే అమ్ముత. అమ్మిన దాంట్ల సగం నీదే అక్కా."

"గదే, కాగితంల రాద్దాం" అంది హేమలత వెంటనే. "అమ్మేటోళ్లు ఇద్దరని రాద్దాం, ఎవరి పాలు వాళ్ల ఖాతాల పడాలె. కాగితం మీద రాయని ప్రేమలన్ని రేపు నా దగ్గరికి కేసులై అస్తయ్."

చీర వచ్చింది. సత్తవ్వ మడత విప్పి చూసి, రంగు తనకు నప్పదంది గానీ ఒళ్ళోంచి దించలేదు. రాధ అందరికీ చాయ్ పెట్టింది. నరేందర్ మెల్లగా కాలరు సవరించుకుని, ఇదంతా ఎవరి ఫ్లెక్సీ వల్ల జరిగిందో ఎవరైనా గమనించారా అన్నట్టు చుట్టూ చూశాడు. అప్పుడు సత్తవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టి అంది:

"ఇగ నా అభ్యంతరం చెప్త."

నరేందర్ చెయ్యి కాలరు మీదే ఆగిపోయింది.

"అది ఉన్నదా ఇంక?" అన్నాడు జలపతి నీరసంగా.

"లేకుంటె గింత దూరం ఎందుకస్త? ఇల్లు ఎవల పేరు మీద చేస్తున్నరు?"

"నా పేరు మీదనే అవ్వా."

"నువ్వు మంగళవారం పోతవంట. మళ్ల రెండేండ్లకు అస్తవ్. గీ ఇంట్ల ఉండేదెవరు? పన్ను కట్టేదెవరు, నల్లా కరాబైతె చేపిచ్చేదెవరు? గీ పిల్లనే గద? పేరు మాత్రం నీది. నేను కూడ గిట్లనే ఇటుకలు మోసిన, నా పేరు ఏడ లేదు. గీ పిల్ల పేరు మీద చేస్తె నేను సంతకం పెడ్త. లేకుంటె పెట్ట. ముప్పై నాలుగో నంబరు. రాసుకో బిడ్డ."

రాధ రాయలేదు. "అట్లెందుకు అవ్వా, ఆయన కష్టం..." అని ఏదో అనబోయింది.

జలపతి నోటుబుక్కు తన దగ్గరికి లాక్కున్నాడు. ముప్పై నాలుగు అని వేసి, తన చేత్తోనే రాశాడు. రాసి రాధ వైపు తిప్పాడు. "ఏడిండ్లు తిరిగినవ్. నేనొక్క మంచం మీద ఉన్న. ఎవల కష్టం ఎక్కువనో నాకెరుకనే" అన్నాడు. రాధకు ఈసారి వంటింట్లోకి పోవాలన్న సోయి కూడా రాలేదు. అందరి ముందే ఏడ్చేసింది.

"మంచి పని" అంది హేమలత, కాగితంలో పేరు కొట్టేస్తూ. "సగం మంది గల్ఫ్ అన్నలు ఇల్లు తమ పేరు మీద పెట్టుకొని, తర్వాత ప్రతి సంతకానికి అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపుకుంట తిప్పలు పడుతుంటరు. నీకు గా తిప్పలు తప్పినయ్."

సోమవారం పదకొండున్నరకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో వాళ్ళ స్లాటు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. సత్తవ్వ వేలే సరిగ్గా లేదు. యాభై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళకు గీతలెక్కడివి? మిషిను ఒక్కో వేలినీ కాదంది. మొగిలవ్వ తనూ వస్తానని ఆటో ఎక్కి వచ్చింది కాబట్టి సరిపోయింది. గుడ్డ తడిపి, సత్తవ్వ వేళ్ళన్నీ రుద్ది రుద్ది తుడిచి, "ఎడమ చేతి చిటికెన వేలు పెట్టు. అది ఆకు ముట్టది" అంది. పెట్టింది. మిషిను ఒప్పుకుంది. ఆఫీసులో తెలియనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

రాజేశం తాళంచెవి తీసి రాధ చేతిలో పెట్టాడు. రాధ దాన్ని కళ్ళకద్దుకుని, సత్తవ్వను పట్టుకుని, మూడు గదుల్లో ఒకటి ఎప్పుడొచ్చినా ఆమెదేనంది. ఆ రాత్రి ఆ ఇంట్లో అందరూ పడుకునేదాకా తాను బస్సెక్కనని సత్తవ్వ మాట ఇచ్చింది. జలపతి ఎవరికి ఎన్ని దండాలు పెట్టాడో లెక్కలేదు. హేమలతకు పెట్టాడు, మొగిలవ్వకు పెట్టాడు, రాజేశానికి పెట్టాడు, మిషినుకు కూడా పెట్టాడు. ఆ సంబరంలో అందరికంటే ముందుకెళ్ళి టేబులు దగ్గర నిలబడ్డాడు.

గుమస్తా కళ్ళద్దాల మీది నుంచి చూశాడు. "కొనేటోళ్లు మీరా?"

"కాదు సార్, మా ఇంటామె."

"మరి గిట్ల జరుగుండ్రి, ఆమెను రానీయుండ్రి. మీరు సాక్షుల దిక్కు నిలవడుండ్రి."

పద్దెనిమిదేళ్ళు ఎండలో మాడి సంపాదించిన ఇంటికి జలపతి ఆ రోజు రెండో సాక్షిగా సంతకం పెట్టాడు. మొదటి సాక్షి నరేందర్.